ఆడిటోరియం బాగుంది సరే, పదో రోజున ఎవర్ని అడగాలి?

మొన్నటిదాకా ర్యాంకులు, వెబ్ ఆప్షన్ల మీద ప్రశ్నలు వచ్చేవి. సీట్లు తేలాయి కాబట్టి ఇప్పుడంతా ఓరియెంటేషన్ల గోల. ఏ యూనివర్సిటీలో ఎలా చేస్తున్నారు, ఎక్కడ బాగుంది, అది చూసి కాలేజీ ఎంచుకోవచ్చా అని అడిగినవాళ్లు ఎక్కువమంది ఉండటంతో ఈసారి అవే వేస్తున్నాం. పేర్లు వెయ్యొద్దన్నారు, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా బాబుకి ఇంజినీరింగ్‌లో రెండుచోట్ల సీటు వచ్చిందండి. ఒకటి కౌన్సెలింగ్‌లో వచ్చిన ప్రభుత్వ కాలేజీ, ఇంకోటి ఊరి బయట ప్రైవేటు యూనివర్సిటీ. రెండుచోట్లా కొంత డబ్బు కట్టాం. ప్రైవేటు వాళ్ల ఓరియెంటేషన్‌కి నేనూ మావారూ వెళ్లాం. ఏసీ ఆడిటోరియం, గుమ్మంలోనే బొట్టు పెట్టి గులాబీ ఇచ్చారు, బాబుకి బ్యాగు, టీషర్టు, నీళ్ల బాటిల్, మాకు పెళ్లి భోజనం. ప్రభుత్వ కాలేజీలో ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి "సోమవారం నుంచి ఇండక్షన్, తొమ్మిదిన్నరకి వచ్చేయమనండి" అన్నారంతే. మావారు "ఏటే, వాళ్లెలా రిసీవ్ చేసుకున్నారో చూసేవా, అక్కడే వేసేద్దాం" అంటున్నారు. రెండు షెడ్యూళ్లూ పంపుతున్నాను. మీరు చూసి చెప్పండి.
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, భోజనం బాగుంటే బాగుందనే అనాలి, అందులో తప్పులేదు. కాకపోతే ఆ రోజు వాళ్లు మాట్లాడింది మీ బాబుతో కాదు, మీతోనూ మీవారితోనూ. మీరు పంపిన మొదటి షెడ్యూల్ ఒకసారి మళ్లీ చదవండి. పదింటికి రిజిస్ట్రేషన్, పదిన్నరకి జ్యోతి ప్రజ్వలన, తర్వాత చైర్మన్ గారు, వైస్ ఛాన్సలర్ గారు, ఇద్దరు డీన్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసరు గారి ప్యాకేజీల ప్రసంగం, డ్రోన్‌తో తీసిన క్యాంపస్ వీడియో, ఒంటిగంటకి లంచ్. రెండింటి నుంచి మూడింటి దాకా 'డిపార్ట్‌మెంట్ పరిచయం', ఆ తర్వాత బస్సులు. అంటే రోజు మొత్తం మీద తనకి పాఠం చెప్పబోయే మనుషుల్ని పిల్లాడు చూసింది ఆ ఒక్క గంటే. ఆ గంటలో ఏం జరిగింది, ఎవరు మాట్లాడారు, ఎవరిదైనా పేరు గుర్తుందా అని బాబుని అడిగారా? అడగండి. గుర్తులేదంటే అది వాడి తప్పు కాదు.

ఇక రెండో కాగితం. జిరాక్సే, సగం అక్షరాలు సరిగా పడలేదు, పైన లోగో కూడా వంకరగా ఉంది. కానీ దాంట్లో మొదటి వారానికి ప్రతి గంట పక్కనా ఒక టీచరు పేరు, గది నంబరు ఉన్నాయి. పిల్లల్ని ఇరవైమంది చొప్పున గుంపులు చేసి, ప్రతి గుంపుకీ ఒక మెంటర్ పేరు, ఫోన్ నంబరు రాశారు. బుధవారం లైబ్రరీ కార్డులు, గురువారం ల్యాబులు చూపించడం, శుక్రవారం సీనియర్లతో మాటామంతీ, శనివారం తొట్లకొండ బౌద్ధారామం చూపించడం. ఈ కాగితం తయారుచేసిన మనిషెవరో గాని కాస్త ఆలోచించే చేశారు. నా అనుమానమల్లా రెండో వారం మీదే. అక్కడ గడులన్నీ ఖాళీ, కింద 'తర్వాత తెలియజేయబడును' అని ఉంది. ఆ మాట ఉన్నచోట చాలాసార్లు ఏమీ తెలియజేయరు, పిల్లలు క్యాంటీన్‌లో కూర్చుని ఇంటికొచ్చేస్తారు.

ఇంజినీరింగ్‌లో చేరిన కొత్త పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ఉండాలన్న నియమం ఒకటుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే పోల్చుకోవడం తేలిక. గాంధీనగర్ ఐఐటీ 2011లో కొత్త బ్యాచ్‌కి ఐదు వారాల ఫౌండేషన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. అసలు క్లాసులు మొదలవకముందు ఆటలు, కళలు, విలువల మీద చర్చలు, ఊళ్లోకి తీసుకెళ్లడం, ఇవన్నీ అందులో ఉండేవి. ఇంటర్ రెండేళ్లూ ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో మగ్గిన పిల్లల్ని మళ్లీ మనుషుల్లో పడెయ్యడమే దాని ఉద్దేశం అనుకోండి. అలాంటి ప్రయోగాలు చూశాకే సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2017లో ఇంజినీరింగ్ కాలేజీలన్నిటికీ మూడు వారాల ఇండక్షన్ పెట్టింది. వ్యాయామం, ఏదో ఒక కళ, మానవ విలువల తరగతులు, ఇంగ్లీషులో వెనకబడ్డవాళ్లకి సాయం, పెద్దల ఉపన్యాసాలు, చుట్టుపక్కల ప్రాంతాల సందర్శన, బ్రాంచి పరిచయం, ఇవన్నీ దాంట్లో ఉండాలి. 2019లో యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో మిగతా యూనివర్సిటీలకీ ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. కాబట్టి ఒక్క రోజు వేడుక చేసి "మా ఓరియెంటేషన్ అయిపోయింది" అనే కాలేజీని "మరి మూడు వారాల ఇండక్షన్ ఎప్పుడండీ?" అని మీరు ధైర్యంగా అడగొచ్చు. మీరు చూసింది ప్రారంభోత్సవం మాత్రమే అయ్యుండొచ్చు, అసలు ఇండక్షన్ తర్వాత ఉండొచ్చు. అడక్కుండా తీర్పు చెప్పకండి. ఉంటే దాని షెడ్యూల్ కూడా కాగితం మీద ఇమ్మనండి.

చాలామందికి తెలియని ఇంకో సంగతి చెప్తాను. ర్యాగింగ్ నివారణకి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లోనే కొత్త పిల్లల్ని చిన్న గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుని ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలని, ఆయన రోజూ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి కష్టసుఖాలు కనుక్కోవాలని ఉంది. ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో అడ్రసులు, ఫోన్ నంబర్లతో సహా అచ్చువేసిన కరపత్రం ప్రతి కొత్త విద్యార్థి చేతికీ ఇవ్వాలని కూడా ఉంది. బ్యాగూ టీషర్టూ ఇచ్చారన్నారు కదా, ఆ బ్యాగులో ఈ కరపత్రం ఉందేమో వెతకండి. రంగురంగుల బ్రోషర్ కాదు నేనడిగేది. హాస్టల్లో రాత్రి పదింటికి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసి ఉన్న కాగితం.

ఇప్పుడు మీవారి మాటకొస్తాను. ఆయన పూర్తిగా పొరబడ్డారని నేననను. గేటు దగ్గర చిరాగ్గా కాగితం చేతిలో పెట్టిన ఆఫీసే రేపు ఎగ్జామినేషన్ సెక్షన్ కౌంటర్లోనూ కనబడుతుంది, ఒక్క సంతకం కోసం నాలుగేళ్లూ తిప్పుతుంది. అది భరించాల్సిన ఖర్చే. అవతల గులాబీలకీ బ్యాగులకీ అయిన ఖర్చు మాత్రం ఫీజులో ఎప్పుడో కలిసిపోయింది. కాబట్టి ఒక పని చెయ్యండి. రెండు కాలేజీలకీ మామూలు రోజున, మీరు కాకుండా బాబునీ వాడి ఫ్రెండునీ పంపండి. లోపలికి కూడా వెళ్లక్కర్లేదు, గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లలు దొరుకుతారు. "మీ మెంటర్ ఎవరు, ఆయన్ని చివరిసారి ఎప్పుడు కలిశావు, అటెండెన్స్ తగ్గితే ఏం చేస్తారు, బ్యాక్‌లాగ్ పడితే ఫీజెంత, ఇండక్షన్‌లో నేర్పినవాటిలో నీకు పనికొచ్చిందేంటి" అని అడగమనండి. మెంటర్ పేరు టక్కున చెప్పి, పోయిన నెల కలిశానన్న కుర్రాడు ఏ కాలేజీలో దొరికితే ఆ కాలేజీలో ఓరియెంటేషన్ బాగా జరిగినట్టు. నన్నడిగితే, ఫీజు తేడా కూడా చూసుకుంటే, నేను జిరాక్స్ కాగితం వైపే మొగ్గుతాను. ఆ రెండో వారం ఖాళీ గడుల సంగతి తేల్చుకున్నాకే సుమా.

డబ్బు సంగతి ఆలస్యం చెయ్యకండి. వదులుకునే సీటు యూనివర్సిటీదైతే, యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, వాళ్లు ప్రకటించిన అడ్మిషన్ చివరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకంటే ముందు రాతపూర్వకంగా చెప్తే ఫీజు మొత్తం వెనక్కి రావాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం దాకా, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. తేదీ దగ్గరపడేకొద్దీ 90, 80, 50 శాతానికి తగ్గుతుంది, చివరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. కొన్నేళ్లు యూజీసీ విడిగా తేదీలు ప్రకటిస్తుంటుంది, ఈ ఏడాది సంగతి దాని వెబ్‌సైట్లో చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుకుంటాం అనే హక్కు మాత్రం వాళ్లకి లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు వచ్చింది. కాలేజీ తెరిచాక కూడా కొన్నాళ్లు అసలు క్లాసులుండవట, ఫౌండేషన్ కోర్సంటున్నారు. ఈలోపు ఇంటికి వచ్చెయ్యొచ్చా? ఇంజినీరింగ్ వాళ్ల ఇండక్షన్ లాంటిదేనా ఇది?
— ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: వద్దండీ, రప్పించకండి. హాజరు వేస్తారు, నేర్పేవి కూడా పనికొచ్చేవే. 2019 బ్యాచ్ నుంచి వైద్య విద్యలో కొత్త పాఠ్యప్రణాళికతో పాటు ఈ ఫౌండేషన్ కోర్సు వచ్చింది. ప్రథమ చికిత్స, గుండె ఆగితే చేసే సీపీఆర్, సూదులూ రక్తం దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు, వైద్యుడి నడవడిక, ఒత్తిడి తట్టుకోవడం, కంప్యూటర్, ఇంగ్లీషు, స్థానిక భాష, ఇవన్నీ ఉంటాయి. ఇంజినీరింగ్ ఇండక్షన్ కాలేజీని బట్టి ఒక్కోచోట ఒక్కోలా నీరుగారిపోతుంది గాని, ఇక్కడ ఏం నేర్పాలో గంటలతో సహా పైనుంచే రాసిచ్చారు. అందుకే మెడికల్ కాలేజీల మధ్య ఓరియెంటేషన్ పోల్చడంలో పెద్ద అర్థం లేదు.

స్థానిక భాష మనకెందుకు అని మీ అమ్మాయి అనొచ్చు. ఆల్ ఇండియా కోటాలో హర్యానా నుంచో కేరళ నుంచో వచ్చిన పిల్లలకి అది ప్రాణం లాంటిది. విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రి ఓపీలో పాడేరు వైపు నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ తన కడుపునొప్పి గురించి చెప్పేది అర్థం కావాలి కదా. మీ అమ్మాయి ఆ పిల్లలకి తెలుగు నేర్పితే నలుగురు స్నేహితులవుతారు.

ప్రశ్న: అమెరికాలో రెండు యూనివర్సిటీల్లో ఎంఎస్ అడ్మిషన్ వచ్చింది. ఒకటి ఓరియెంటేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిచేసుకోమంది. రెండోది క్యాంపస్‌కే రావాలంటోంది, అదీ క్లాసులకి వారం ముందు, పైగా దానికి ఫీజు. మా నాన్న "డబ్బులు గుంజడానికే" అంటున్నారు. ఆ వారం మానేసి లేటుగా వెళ్తే టికెట్ కూడా తక్కువకి వస్తుంది. వెళ్లాలా?
— ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: తల్లీ, మీ నాన్నగారి కోపం అర్థమైంది గాని టికెట్ బుక్ చేసేముందు ఐ-20, అదే వీసా కోసం యూనివర్సిటీ పంపిన పత్రం, తీసి చూడు. దాంట్లో 'ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్' అని ఉంటుంది. అది క్లాసులు మొదలయ్యే తేదీయే కానక్కర్లేదు, చాలా యూనివర్సిటీలు తప్పనిసరి ఓరియెంటేషన్ మొదలయ్యే రోజునే అక్కడ వేస్తాయి. ఆ తేదీకి చేరుకోవాలి. దానికి ముప్ఫై రోజులకంటే ముందు ఎఫ్-1 వీసా మీద అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ఆ తేదీ దాటిపోయేలా ఉంటే మాత్రం విమానం ఎక్కకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి వాళ్లేం చెప్తే అది చెయ్యి. వెళ్లాక నువ్వొచ్చావని వాళ్లు సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో నమోదు చెయ్యాలి, దానికి ప్రోగ్రామ్ మొదలైన తేదీ నుంచి ముప్ఫై రోజులే గడువు. ఓరియెంటేషన్‌లో 'చెక్-ఇన్' అంటూ పాస్‌పోర్టు, వీసా, ఐ-20 చూసేది అందుకే. ఆన్‌లైన్ ఓరియెంటేషన్ పెట్టిన యూనివర్సిటీ కూడా ఈ చెక్-ఇన్ విడిగా చేస్తుంది, అదెలాగో ముందే కనుక్కో.

ఫీజంటావా, అది అక్కడ మామూలే. మొదటి బిల్లులో ఓసారి వేస్తారు, కొన్నిచోట్ల నువ్వెళ్లినా వెళ్లకపోయినా పడుతుంది. మానేసి మిగిల్చేదేమీ ఉండదు. వెళ్తే ఏమొస్తుందంటే, మన దగ్గర ఎవరూ విప్పి చెప్పని కొన్ని సంగతులు అక్కడ మొదటి వారంలోనే చెప్తారు. అందులో ముఖ్యమైంది కాపీ గురించి. బీటెక్‌లో పక్కవాడి రికార్డు చూసి రాసుకోని వాళ్లెవరు? ల్యాబ్‌కి ముందు రోజు రాత్రి హాస్టల్లో ఒక్క రికార్డు చుట్టూ పదిమంది కూర్చుని గ్రాఫులతో సహా దించేస్తారు, సార్ కూడా చూసి సంతకం పెట్టేస్తారు. అక్కడ అసైన్‌మెంట్‌లో ఆ పని చేస్తే సబ్జెక్టు పోతుంది, ముదిరితే సీటూ, సీటుతో పాటు వీసా కూడా పోతుంది. అప్పుడు "మాకు తెలీదు" అంటే వినరు, ఓరియెంటేషన్‌లో చెప్పాం కదా అంటారు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదని, అనుమతి లేకుండా బయట పనులు అసలే కుదరవని కూడా అక్కడే చెప్తారు. టీకాల కాగితం సంగతి మాత్రం ఇక్కడే తేల్చుకో. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసుల సర్టిఫికెట్ లేకపోతే చాలా యూనివర్సిటీలు రిజిస్ట్రేషన్ ఆపేస్తాయి, అక్కడ వేయించుకుంటే మోత మోగుతుంది.

ఇక ఏ దేశంలో ఎలా ఉంటుందో కూడా పోల్చి చెప్తున్నా. అమెరికాలో డిగ్రీ పిల్లలకి ఓరియెంటేషన్ చాలావరకు వేసవిలోనే, తల్లిదండ్రులతో కలిపి చేస్తారు. ఎంఎస్ వాళ్లకి యూనివర్సిటీది ఒకటి, విదేశీ విద్యార్థులది ఒకటి, డిపార్ట్‌మెంట్‌ది ఒకటి, మూడు ఉండొచ్చు. నీకు చదువుపరంగా పనికొచ్చేది డిపార్ట్‌మెంట్ వాళ్లదే, ఏ కోర్సు ఏ ప్రొఫెసర్ దగ్గర తీసుకోవాలో తెలిసేది అక్కడే. బ్రిటన్‌లో ఫ్రెషర్స్ వీక్‌ని చాలావరకు విద్యార్థి సంఘాలే నడుపుతాయి, క్లబ్బుల సందడి ఎక్కువ. జర్మనీలో అక్టోబరు సెమిస్టర్ ముందు జరిగే వారాన్ని కూడా చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ సీనియర్లే చూసుకుంటారు, టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలో వాళ్లే పక్కన కూర్చుని చూపిస్తారు, ఎందుకంటే అక్కడ నీ టైమ్‌టేబుల్ నువ్వే వేసుకోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టారు కాబట్టి ఆ యూనివర్సిటీ తక్కువదనీ అనుకోకు, ఫీజు అడిగింది కాబట్టి రెండోది దోపిడీ అనీ అనుకోకు. కోర్సూ ఫీజూ చూసి తేల్చుకో, ఏది ఎంచుకున్నా దాని ఓరియెంటేషన్ మాత్రం మానకు.

ప్రశ్న: పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరాను. మాకు ఇండక్షన్ లేదు, ఏమీ లేదు. క్లాసులో అందరూ ముందే గ్యాంగులు కట్టేసి ఉన్నారు. ఏది ఎక్కడుందో అడిగితే నవ్వుతున్నారు. చివరి విడత కౌన్సెలింగ్‌లో చేరిన నా తమ్ముడిదీ ఇదే పరిస్థితి, వాడు చేరేసరికి ఇండక్షన్ అయిపోయింది.
— ఒక విద్యార్థి, అనకాపల్లి

జవాబు: బాబూ, ఇది నిజంగా అన్యాయమే, దీని గురించి కాలేజీలు పట్టించుకోవు. స్వాగత సభ చేసేది ముందొచ్చినవాళ్లకి, అవసరం ఎక్కువ ఉన్నది ఆఖర్న వచ్చినవాళ్లకి. మీ తమ్ముడైతే ఫస్టియరే కాబట్టి వాడికి మెంటర్‌ని ఇవ్వాల్సిందే, హెచ్‌వోడీకి ఒక కాగితం రాసి అడగమను. నోటితో చెప్తే "చూద్దాంలే" అంటారు, కాగితం మీద పెడితే ఫైల్లో పడుతుంది. నీ విషయంలో కావాల్సినవి రెండు. నీ రెగ్యులేషన్, అంటే నీ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్షల నిబంధనలు, ఏదో తెలుసుకుని ఆ సిలబస్ పుస్తకం దించుకో, డిగ్రీ చేతికి రావాలంటే మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలో ఈసెట్ వాళ్లకి అందులో విడిగా రాసి ఉంటుంది. రెండోది, మీ కాలేజీలోనే థర్డియర్‌లో ఉన్న ఈసెట్ సీనియర్‌ని పట్టుకో. ఫస్టియర్ లెక్కలు లేకుండా సెకండియర్ లెక్కల్ని ఎలా గట్టెక్కాడో అతనే చెప్పగలడు. నవ్వేవాళ్ల మాటంటావా, మొదటి ల్యాబ్ దాకా ఆగు. డిప్లొమా చేసిన చెయ్యి కదా, మీటర్ పట్టుకోవడం రాక వాళ్లే నీ బెంచీ దగ్గరికొస్తారు.

ప్రశ్న: ఓరియెంటేషన్ షెడ్యూల్లో 'సీనియర్లతో ఇంటరాక్షన్' అని ఉంది. ర్యాగింగ్‌కి ఇది ముద్దుపేరా సార్? హాస్టల్లో ఉండాలి, టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, నర్సీపట్నం

జవాబు: షెడ్యూల్లో రాసి, పట్టపగలు, టీచర్ల ఎదుట జరిగేదానికి భయపడకు. కొత్తవాళ్లకీ సీనియర్లకీ కలిపి ఇలాంటివి పెట్టమని నిబంధనలే చెప్తున్నాయి. షెడ్యూల్లో లేకుండా రాత్రిపూట రూముకి రమ్మనే ఇంటరాక్షన్ మాత్రం వేరే. దానికి వెళ్లకు, వార్డెన్‌కి చెప్పు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ మీద 1997 నుంచే చట్టం ఉంది. దేశమంతటికీ కలిపి 1800-180-5522 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. చేరేటప్పుడు నీ చేత, మీ నాన్న చేత అఫిడవిట్ రాయించుకున్నారు చూడు, ప్రతి సీనియర్ కూడా అదే రాసిచ్చాడు. ఆ సంగతి అతనికీ గుర్తుంటుంది.

ప్రశ్న: ఓరియెంటేషన్‌కి ఫార్మల్స్, బ్లేజర్ తప్పనిసరా?
— సీతమ్మధార

జవాబు: పిలుపులో రాస్తే తప్పదు, రాయకపోతే మన ఆగస్టు ఉక్కపోతలో బ్లేజర్ ఎందుకమ్మా, శుభ్రమైన కాటన్ బట్టలు చాలు. నడిచేది ఎక్కువ, బూట్లు కొత్తవి వద్దు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఓ డజను, ఆధార్, ర్యాంక్ కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్ జిరాక్సులు రెండేసి సెట్లు, ఒక పెన్ను పెట్టుకో. ఫొటోలు తేనివాళ్లంతా పదకొండింటికి కాలేజీ ఎదురుగా ఉన్న స్టూడియోలో క్యూ కడతారు, ఆ రోజు వాడు ఎంత చెప్తే అంత.